కాటా బరువు నేరుగా కంప్యూటర్లోకి రావాలంటే

కాటాని కంప్యూటర్‌కి కలిపేటప్పుడు నేను ఎక్కువగా తిప్పలు పడింది కేబుల్ దగ్గరే. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

చాలా ఇండికేటర్ల (కాటా బరువు చూపించే డబ్బాల) వెనక తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-232 పోర్టు ఉంటుంది. 2, 3 పిన్నుల్లో ఒకటి డేటా పంపేది, ఒకటి అందుకునేది. 5 గ్రౌండ్. పంపే పిన్నుకి ఎదురుగా పంపే పిన్నే వస్తే స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా పడదు. అప్పుడు 2ని 3కి, 3ని 2కి కలిపిన క్రాస్ కేబుల్ వాడాలి. కంప్యూటర్‌కి ఈ పోర్టు లేకపోతే యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి, విండోస్ డివైస్ మేనేజర్‌లో కామ్ (COM) నంబరు, అంటే ఆ పోర్టుకి కంప్యూటర్ ఇచ్చిన నంబరు, చూసుకోండి.

తర్వాత, వచ్చే డేటాని స్క్రీన్ మీద చూపించే పుట్టీ (PuTTY) ప్రోగ్రామ్ తెరిచి, సీరియల్ ఎంచుకుని, ఆ నంబరు ఇవ్వండి. బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, ఇండికేటర్ మెనూలో ఎంతుంటే ఇక్కడా అంతే పెట్టాలి. ఎక్కువగా కనిపించేది 9600, 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేకుండా. పిచ్చి గుర్తులు వస్తుంటే కంగారొద్దు, డేటా వస్తోంది, సెట్టింగే కుదరలేదు. ఒకసారి గంటసేపు అవే గుర్తులు చూశాను. 7 బిట్లు, ఈవెన్ పారిటీ పెట్టగానే 12.50 అని చక్కగా కనిపించింది. ఎంత ఊరటో!

అసలేమీ రాకపోతే ప్రింట్ బటన్ నొక్కి చూడండి, కొన్ని కాటాలు అడిగితేనే పంపుతాయి.

కొన్నింటిలో లైను మొదట ‘ఎస్‌టీ’ ఉంటే బరువు నిలిచినట్టు, ‘యూఎస్’ ఉంటే ఇంకా ఊగుతున్నట్టు. ఊగే బరువుని మాత్రం బిల్లులోకి పోనివ్వకండి. మెనూలో క్యాలిబ్రేషన్ (కాటా తూకాన్ని సరిచేసే సెట్టింగ్) జోలికీ వెళ్లకండి.