జీపు ఫ్లోర్‌కి లైనర్ స్ప్రే చేసే ముందు

వానలు మొదలయ్యేలోపు జీపు, వ్యాన్ లోపలి ఫ్లోర్‌కి ఇంట్లోనే లైనర్ (ఇనుమును కాపాడే మందపాటి పూత) కొట్టాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

డబ్బా మీద ఐసోసైనేట్ అనే రసాయనం పేరు ఉంటే ఇంట్లో స్ప్రే చేయకండి. ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి అది ఒంటికి పడకుండా పోతే, తర్వాత కాస్త తగిలినా ఆయాసమే. గుడ్డ మాస్కు, ఎన్95 దాన్ని ఆపలేవు. ఆ పని సరైన సామగ్రి ఉన్న షాపుకే ఇవ్వండి, డబ్బులు పోయినా పర్వాలేదు.

మిగతా రకాలకైనా తలుపులన్నీ తెరిచి, బ్యాటరీ వైరు ముందే తీసేయండి. లైనర్‌లోని సాల్వెంట్ (పలుచన చేసే ద్రవం) ఆవిరి అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు.

తుప్పును ఇనుము మెరిసేదాకా గీకండి. పైన పూసేస్తే లోపల తింటూనే ఉంటుంది, కనబడదు కూడా.

సీటు, బెల్టు బోల్టు రంధ్రాలకు టేపు వేయండి. మరల్లో లైనర్ గట్టిపడితే బోల్టు సరిగ్గా బిగియదు. నీళ్లు పోయే రంధ్రాలూ మూసుకుపోకూడదు.

పూర్తిగా ఆరకముందే టేపు లాగండి, లేదంటే అంచు చిరుగుతుంది.