పళ్ల కాటుకూ దవడ కీలుకూ లంకె ఏమిటో ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

పలువరుస సరిగా లేకపోతే దవడ నొప్పి తప్పదనీ, క్లిప్పులు పెట్టించుకుంటే పోతుందనీ చాలామంది నమ్మకం. కాటుకూ, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరుకూ, దవడ కీలుకూ లంకె ఉందిగానీ అంత సూటిగా లేదు. అద్దం, చిన్న స్కేలు, మంచి వెలుతురు ఉంటే మీది ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు.

1. కీలు దొరకబుచ్చుకోండి

చూపుడువేళ్లు చెవి రంధ్రాలకు కాస్త ముందు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద కదిలేది కింది దవడ ఎముక కొన. పుర్రె ఎముకలోని గుంటలో అది కూర్చుంటుంది, రెంటి మధ్యా పలచటి డిస్క్ ఉంటుంది. నోరు 20-25 మిల్లీమీటర్లు తెరుచుకునేదాకా ఆ కొన దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. ఆపైన గుంట ముందున్న ఎముక గట్టు మీదుగా ముందుకు జారుతుంది. వేలి కింద ఒక్కసారిగా ఖాళీ తగిలేది అప్పుడే.

ఈ గట్టు పుట్టినప్పుడు దాదాపు చదునుగా ఉండి, పాలపళ్లు వచ్చే వయసులో గబగబా ఎదుగుతుంది. పై ముందుపళ్లు కిందివాటిని బాగా కప్పేసేవాళ్లలో అది నిటారుగా, కింది దవడ ముందుకొచ్చినవాళ్లలో చదునుగా ఉండటం స్కాన్లలో తరచూ కనిపిస్తుంది. అందరిలోనూ అలాగే ఉండాలనేం లేదు.

2. కాటు చూడండి

వెనక పళ్లు కరిచిపట్టి, బుగ్గ పక్కకు లాగండి. మధ్య నుంచి లెక్కిస్తే ఆరోది మొదటి దవడ పన్ను. పైదాని బయటివైపు ముందు మొన, కిందిదాని బయటివైపు గాడిలో పడాలి. 1899లో అమెరికన్ దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ పెట్టిన ఈ కొలతనే డాక్టర్లు నేటికీ వాడుతున్నారు. ఇలా సరిగ్గా పడితే మొదటి తరగతి. కింది పన్ను వెనక్కి ఉంటే రెండో తరగతి, ముందుకు ఉంటే మూడోది. పై ముందుపళ్లు కిందివాటికంటే 2-3 మిల్లీమీటర్లు ముందుండటం మామూలే.

3. దవడ జారుతోందా?

అసలు కిటుకు ఇక్కడుంది. నాలుక కొన అంగిట్లో వెనక్కి మడిచి, దవడ వదులుగా ఉంచి మెల్లగా మూయండి. మొదటి పన్ను తగలగానే ఆగండి. ఇప్పుడు గట్టిగా కరవండి. ఒక మిల్లీమీటరు ముందుకు జారితే కంగారక్కర్లేదు. దవడ పక్కకు పోతోందంటే మాత్రం, పళ్లు కలవడానికి కీలు చోటు మార్చుకుంటోందన్నమాట. ఒకవైపు పై పళ్లు కిందివాటికి లోపలగా, తిరగబడి కరిచే పిల్లల్లో ఇది బాగా తెలుస్తుంది: ఒకవైపు కొన గుంటలో వెనక్కి ఒదిగితే, రెండోవైపుది ముందుకొస్తుంది. ఎదిగే వయసులోనే చూపిస్తే సరిచేయడం తేలిక.

4. నోరు కొలవండి

మూడు వేళ్లు నిలువుగా పడితే చాలు. స్కేలుతో అయితే 40 మిల్లీమీటర్లు దాటాలి. టక్‌మని శబ్దం వస్తున్నా నొప్పి లేకపోతే వైద్యం అవసరం లేదు.

5. డాక్టర్‌ దగ్గర

ఎముక రూపం సీబీసీటీలో (దవడలకు తీసే త్రీడీ ఎక్స్‌రే స్కాన్) కనిపిస్తుంది, డిస్క్ చూడాలంటే ఎంఆర్‌ఐ కావాలి. కీలు నొప్పి అనగానే పళ్లు అరగదీద్దామంటే ఒప్పుకోకండి. అరగదీసిన పన్ను తిరిగి రాదు, నొప్పికి కాటు ఒక్కటే కారణం కావడం అరుదు. మెత్తటి తిండి, వేడి కాపడం, పళ్లు కొరకడం మానుకోవడం ముందు చేసి చూడాల్సినవి. ఆవులించాక నోరు మూతపడకపోయినా, రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయినా ఇంట్లో నొక్కి చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.