ఫ్రాక్షనల్ షేర్లు ఎలా కొనాలి, ఎలా అమ్మాలి? కొనేది డాలర్లలో, అమ్మేది షేర్లలో

ఫ్రాక్షనల్ షేర్ అంటే షేరులో ముక్క, అంతే. షేరు 340 డాలర్లు ఉండి మీ దగ్గర 100 డాలర్లే ఉంటే 100కి ఎంతొస్తే అంత కొనుక్కోవచ్చు, 0.294117 షేరు వస్తుంది. ఇదంతా అమెరికా మార్కెట్ సంగతి, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈల్లో షేరు ముక్కలు ట్రేడ్ అవ్వవు. కొనడం ఎవరైనా కొనేస్తారు, పాడయ్యేది అమ్మేటప్పుడే. సాయం చెయ్యమని నాకొచ్చే స్క్రీన్‌షాట్లలో ఎప్పుడూ అదే, అకౌంట్‌లో 0.0013 షేరు ఇరుక్కుపోయి ఉంటుంది, తీసెయ్యడం ఎలాగో తెలీదు. అందుకే ముందు స్టెప్పులు గబగబా చెప్పేసి అమ్మడం దగ్గర ఆగుతా.

స్టెప్ 1, బ్రోకర్ దగ్గర అకౌంట్. ఫిడెలిటీ, ష్వాబ్, రాబిన్‌హుడ్, ఇంటరాక్టివ్ బ్రోకర్స్, ఏదైనా పర్లేదు. కాకపోతే ఏ షేర్లు ముక్కల్లో ఇస్తారు, మినిమం ఎంత అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ష్వాబ్ 2020లో మొదలుపెట్టినప్పుడు ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల ఇండెక్స్) కంపెనీలకే, 5 డాలర్ల మినిమంతో ఇచ్చింది, ఫిడెలిటీలో 1 డాలర్ నుంచే. మీకు కావాల్సిన షేరు లిస్ట్‌లో ఉందో లేదో అకౌంట్ తెరవకముందే చూస్కోండి. మార్జిన్ (బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని కొనడం) కావాలా అని అడిగితే వద్దనండి, మీ డబ్బుతోనే కొనే క్యాష్ అకౌంటే. ఎందుకో కింద చెప్తా.

స్టెప్ 2, బ్యాంక్ లింక్ చేసి డబ్బులు వెయ్యండి. ఇందులో చెప్పడానికేం లేదు.

స్టెప్ 3, కొనడం. ఆర్డర్ స్క్రీన్‌లో ఎంత అని అడిగే గడి పక్కనే డాలర్సా, షేర్సా అని ఒక చిన్న బటన్ ఉంటుంది, ముందు దాన్ని చూడండి, తర్వాతే నంబర్ కొట్టండి. 50 డాలర్లకి కొందామని 50 కొట్టి, బటన్ షేర్స్ మీద ఉండిపోతే అది 50 షేర్ల ఆర్డర్, అంటే 340 చొప్పున 17,000 డాలర్లు. క్యాష్ అకౌంట్‌లో అంత డబ్బు లేకపోతే ఆర్డర్ రిజెక్ట్ అయిపోతుంది, మార్జిన్ అకౌంట్‌లో అప్పు లిమిట్ సరిపోతే ఎక్కేస్తుంది. అందుకే మార్జిన్ వద్దన్నా. కొనేటప్పుడు డాలర్స్ మోడ్, మీ బడ్జెట్ డాలర్లలోనే కదా ఉండేది.

రాత్రిపూట మార్కెట్ ఆర్డర్ పెట్టి పడుకోవద్దు. మార్కెట్ న్యూయార్క్ టైమ్ ప్రకారం పొద్దున 9:30కి తెరుస్తారు, సాయంత్రం 4కి మూస్తారు, మీరు రాత్రి పెట్టింది మామూలుగా తెరిచాక ఎంత ధర ఉంటే అంతకి పోతుంది. 10 దాటాకే పెట్టండి, మొదటి అరగంటలో ధరలు ఎక్కువ ఊగుతాయి. మీ బ్రోకర్ ముక్కలకి లిమిట్ ఆర్డర్ (ఈ ధర దాటితే కొనొద్దని ముందే చెప్పే ఆర్డర్) ఇస్తే లిమిట్టే పెట్టండి.

రోజుకో డాలర్ ఆటోమేటిక్‌గా కొనే సెట్టింగ్ చాలామందికి ఇష్టం, నేను మాత్రం వద్దంటా. ఏడాదికి 250 దాకా కొనుగోళ్లు, ప్రతిదీ ఒక లాట్, ప్రతి లాట్‌కీ దాని కొన్న ధర, దాని తేదీ. అమ్మినప్పుడు అవన్నీ ట్యాక్స్ ఫారంలోకి వస్తాయి. నెలకోసారి కొంటే 12 లాట్లతో పోతుంది, రాబడిలో పెద్ద తేడా ఏమీ పడదు.

స్టెప్ 4, అమ్మడం. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి.

మీ 0.294117 షేరు ఇప్పుడు 348 దగ్గర ఉందనుకుందాం, స్క్రీన్ మీద విలువ 102.35 అని చూపిస్తుంది. అందరూ చేసేదేంటంటే డాలర్స్ మోడ్‌లో 102.35 కొట్టి సెల్ నొక్కేస్తారు. ఆర్డర్ ఎక్కేలోపు ధర 349.50 అయిందనుకోండి, 102.35 రావడానికి 0.2928 షేరు చాలు, మిగతా 0.0013 అక్కడే ఉండిపోతుంది, విలువ 44 సెంట్లు. మినిమం 1 డాలర్ ఉన్న చోట దాన్ని మళ్లీ డాలర్లలో అమ్మబోతే తీసుకోదు. అదే ధర తగ్గితే, అంత విలువకి షేర్లు లేవని మొత్తం ఆర్డరే రిజెక్ట్ అవ్వచ్చు. ధర కదులుతూనే ఉంటుంది, మీ దగ్గరున్న షేరు ముక్క మాత్రం కదలదు, కాబట్టి కదలనిదాన్ని పట్టుకుని అమ్మాలి. సెల్ ఆల్ బటన్ ఉంటే అదే నొక్కండి. లేకపోతే పొజిషన్స్ పేజీలోకెళ్లి క్వాంటిటీలో ఉన్న అంకెలన్నీ, చివరి అంకె దాకా, షేర్స్ మోడ్‌లో కొట్టండి. కొన్ని చోట్ల 3 అంకెలుంటాయి, కొన్ని చోట్ల 6, మెయిన్ స్క్రీన్ మీద కుదించి చూపిస్తారు, దాన్ని నమ్మొద్దు.

అమ్మే ముందు ఇంకో పని, డివిడెండ్ రీఇన్వెస్ట్ (కంపెనీ పంచే లాభంతో అదే షేరు మళ్లీ కొనే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆఫ్ చెయ్యండి. ఎక్స్-డివిడెండ్ తేదీ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాదు) దాటాక అమ్మినా ఆ డివిడెండ్ మీకే వస్తుంది, కొన్ని వారాల తర్వాత. సెట్టింగ్ అలాగే వదిలేస్తే కొందరు బ్రోకర్ల దగ్గర ఆ డబ్బుతో మళ్లీ ఒక చిన్న ముక్క కొనేస్తుంది. నష్టానికి అమ్మినవాళ్లకి ఇది ఇంకా చిరాకు, అమ్మిన తేదీకి ముందు గానీ తర్వాత గానీ 30 రోజుల్లోపు అదే షేరు కొంటే అమెరికా ట్యాక్స్‌లో వాష్ సేల్ కిందికి వస్తుంది, కొన్న ముక్కకి సరిపడా నష్టం ఇప్పుడు చూపించుకోలేరు, అది కొత్త ముక్క కొన్న ధరకి కలుస్తుంది. పోయేది కొన్ని సెంట్లే అయినా బ్రోకర్ అమ్మకాల లెక్క చూపించే 1099-బి ట్యాక్స్ ఫారంలో ఒక లైన్ ఎక్కువ, ఆ ముక్కని మళ్లీ అమ్మే పని ఎక్కువ.

మొత్తం కాకుండా కొంతే అమ్ముతుంటే లాట్ మీరే ఎంచుకోండి. మీరేమీ చెప్పకపోతే మామూలుగా ముందు కొన్నది ముందు పోతుంది. ఏడాది దాటిన లాట్ మీద లాభానికి ట్యాక్స్ రేటు తక్కువ, దాటనిది మీ జీతంతో సమానంగా పడుతుంది, ఈ ఒక్క డ్రాప్‌డౌన్ తెరవడానికి బద్ధకించొద్దు.

అమ్మిన డబ్బు మర్నాటి వర్కింగ్ డేకి సెటిల్ అవుతుంది, అంటే నిజంగా మీ చేతికొస్తుంది, 2024 మే 28 నుంచి అదే రూల్, అంతకుముందు రెండు రోజులు పట్టేది. సెటిల్ కాని డబ్బుతో వేరేది కొని, ఆ డబ్బు సెటిల్ అవ్వకముందే దాన్ని అమ్మితే క్యాష్ అకౌంట్‌లో వయొలేషన్ (రూల్ తప్పారని గుర్తు) పడుతుంది. ఒక్కరోజు ఆగండి.

స్టెప్ 5, బ్రోకర్‌ని మారుస్తుంటే. మామూలుగా నిండు షేర్లే కొత్త అకౌంట్‌కి వెళ్తాయి. 7.294117 ఉంటే 7 వెళ్తాయి, 0.294117ని పాత బ్రోకర్ తనకి కుదిరినప్పుడు అమ్మేసి క్యాష్ పంపుతాడు, దానికి ట్యాక్స్ మీది. ట్రాన్స్‌ఫర్ పెట్టకముందే ఆ ముక్క మీరే అమ్మేసుకోండి, లేదా ఇంకో 0.705883 కొని 8 చేసుకోండి. కొనేటప్పుడు షేర్స్ మోడ్ వాడాల్సింది ఈ ఒక్కచోటే.