వానాకాలం బూజు: పల్లీల డబ్బా నుంచి పార్కులో పుట్టగొడుగు దాకా

మృగశిర దాటి నాలుగు గట్టి వానలు పడితే చాలు, హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో అల్మారా తెరవగానే చెమ్మ వాసన గుప్పుమంటుంది. బూజు, చర్మానికి పట్టే తామర, పుట్టగొడుగు అన్నీ శిలీంధ్రాలే (ఫంగస్). ఇవి మొక్కలు కావు, వరస చూస్తే జంతువులకే దగ్గర. అడవిలో పడిపోయిన మానుల్ని కుళ్లబెట్టి మట్టిలో కలిపేది ఎక్కువగా ఇవే. తడి తగిలితే మన చెక్క బీరువా, తోలు చెప్పులు, పప్పుల డబ్బా కూడా వాటికి మేతే.

అందరూ గోడల గురించి కంగారు పడతారు కానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది పల్లీల డబ్బా. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్ల దాకా చచ్చిపోయాయి. ఆరా తీస్తే దాణాలో కలిపిన వేరుశనగ పిండికి బూజు పట్టిందని తేలింది. ఆ బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. ‘వేయించేస్తే పోతుందిలే’ అనుకోవద్దు, మన మూకుడు వేడికి అది పూర్తిగా పోదు. నాలుగైదు గింజలు చీల్చి చూడండి. పప్పు బద్దల మధ్య పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపించినా, నమిలితే చేదుగా ఉన్నా డబ్బా మొత్తం పారేయండి. గేదెకు మాత్రం పెట్టొద్దు, విషం పాలలోకి దిగుతుంది. బేగంబజార్‌లో చవకని బస్తా తెచ్చుకునే వాళ్లు కూడా ఈ మూడు నెలలూ కిలోల లెక్కన కొనుక్కోవడమే మేలు.

బీరువాలు గోడకు కాస్త ఎడంగా జరపండి. గోడ మీద చెమ్మకు పట్టిన బూజును పొడి చీపురుతో దులిపితే ఆ పొడి ఇల్లంతా లేస్తుంది. మాస్కు పెట్టుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పని చెప్పొద్దు. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది. లీకేజీ ఆపకుండా పైన పెయింట్ వేయిస్తే డబ్బు దండగ.

తడిసిన సాక్సులు, జీన్స్‌తో రోజంతా ఆఫీసులో కూర్చుంటే గజ్జల్లో తామర ఖాయం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, మచ్చ మాత్రం పాకుతూనే ఉంటుంది. శిలీంధ్రాల కణాలు మన కణాల్లాంటివే కాబట్టి, మనకు హాని లేకుండా వాటినే చంపే మందులు తక్కువ. డాక్టర్ చెప్పినన్నాళ్లూ వాడాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకు ముఖం ఒకవైపు వాచి నొప్పి పుడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నింపేసిన బ్లాక్ ఫంగస్ అలాగే మొదలవుతుంది.

ఇక పార్కుల్లో, ఖాళీ ప్లాట్లలో మొలిచే పుట్టగొడుగులు కోసుకొచ్చి వండొద్దు. వెండి చెంచా నల్లబడకపోతే మంచివేనన్న మాట ఉత్తది. కొన్ని రకాల విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు వాంతులు పట్టుకుంటాయి, మధ్యలో తగ్గినట్టే ఉంటుంది, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతుల దాకా ఆగకుండా, మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.