ఇంజిన్ హీటెక్కుతోందా? ఎప్పుడు హీటెక్కుతోందో ముందు గమనించండి

టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే బండి పక్కకు తీసి ఆపేయండి. ఇంకో రెండు కిలోమీటర్లు లాగిస్తే ఇల్లు వచ్చేస్తుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండు కిలోమీటర్లలోనే సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగిపోవచ్చు, దాని కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు. చిన్న రిలేతో (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు) తీరిపోవాల్సిన పని ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

వెంటనే ఆపడానికి చోటు లేకపోతే ఏసీ కట్టేసి, హీటర్‌ని పూర్తి వేడి మీద, బ్లోయర్‌ని ఫుల్ మీద పెట్టండి. హీటర్ లోపల ఉండేది ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిలో కొంత కారులోకి వచ్చేస్తుంది. చెమటలు పడతాయి, భరించండి. సురక్షితమైన చోటు దొరికేదాకా నెమ్మదిగా పోవడానికే ఈ ఉపాయం.

ఆపాక రేడియేటర్ మూత జోలికి పోకండి. ఇది ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కూలింగ్ సిస్టం వేడెక్కినప్పుడు లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంటకు తక్కువ కాకుండా ఆగండి. తర్వాత రేడియేటర్ పైన ఉండే లావు హోస్‌ని మందపాటి గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే ఇంకా ఒత్తిడి ఉన్నట్టే. మెత్తగా లోపలికి పోతుంటే ఒత్తిడి దిగినట్టు. అప్పుడు కూడా మూత మీద గుడ్డ వేసి, ఒక మెట్టు మాత్రమే తిప్పి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే తీయండి. ఇంజిన్ బాగా వేడిగా ఉండగా చల్లటి నీళ్లు గుమ్మరించకండి, హెడ్డో బ్లాకో పగలొచ్చు. బానెట్ తెరిచి ఉన్నప్పుడు చేతులు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా అది దానంతటదే తిరుగుతుంది.

ఇక కారణం వెతకడం. నా కారు ఇలాగే వేడెక్కితే రేడియేటర్ చోక్ అయిందన్నారు. మార్పించాను. వారం తిరక్కుండానే ముల్లు మళ్లీ పైకి లేచింది. చివరికి తేలింది ఏమిటంటే ఫ్యాన్ రిలే పోయింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే వేడెక్కుతోంది, కదిలితే దిగిపోతోంది అన్న ముక్క నేను చెప్పలేదు, మెకానిక్ అడగలేదు. ఆ ఒక్క ముక్క చాలేది. అందుకే ఏ భాగమైనా మార్చే ముందు, వేడి ఎప్పుడు పెరుగుతోందో రెండు మూడు సార్లు గమనించి రాసిపెట్టుకోండి.

ఆగితే వేడి, కదిలితే మామూలు

అనుమానం నేరుగా ఫ్యాన్ మీదే. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కొద్ది సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి. ఏసీ వేస్తే తిరుగుతూ, ఇంజిన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే ఫ్యాన్ మోటారు బాగున్నట్టే, తప్పు చాలావరకు టెంపరేచర్ సెన్సర్‌లోనో దాని వైరింగులోనో ఉంటుంది. ఎలాగూ తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి. ఫ్యూజు బాగుంటే రిలే. ఫ్యూజు బాక్సులో చాలాసార్లు హారన్‌కో మరోదానికో అదే నంబరు రిలే ఉంటుంది. మూత మీది పటం చూసుకుని రెండూ అటూ ఇటూ మార్చండి. ఫ్యాన్ తిరిగితే దొంగ దొరికినట్టే. రిలే కూడా బాగుంటే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైర్లతో నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే మోటారు పోయింది. ఫ్యూజు పదే పదే ఎగిరిపోతుంటే పెద్ద ఆంపియర్ ఫ్యూజు వేయకండి. మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతుండొచ్చు. పెద్ద ఫ్యూజు వేస్తే వైరింగు కాలుతుంది.

ఫ్యాన్ తిరుగుతున్నా వేడెక్కుతుంటే టార్చి వేసి రేడియేటర్ ముందు భాగం చూడండి. ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, ఆకులు, పురుగులు దుప్పటిలా పేరుకుని ఉంటాయి. చల్లారాక ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పల్చటి రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది.

స్పీడులో, ఎత్తు ఎక్కేటప్పుడు వేడి

ఇక్కడ గాలికి లోటు లేదు, నీళ్ల ప్రవాహం చాలడం లేదు. రేడియేటర్ లోపల తుప్పు, సున్నం పేరుకుని గొట్టాలు మూసుకుపోయి ఉండొచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే, ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ అంతటా గురిపెట్టి చూడండి. ఒక వైపు నుంచి రెండో వైపుకి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో అక్కడక్కడ చల్లటి మచ్చలు కనిపిస్తే ఆ గొట్టాల్లో నీళ్లు పోవడం లేదు.

కింది హోస్‌ని కూడా చూడండి. పాతబడి మెత్తబడితే, రేస్ చేసినప్పుడు పంపు లాగే బలానికి లోపలికి అతుక్కుపోతుంది. ఒకరు రేస్ ఇస్తుంటే మీరు దూరం నుంచి చూస్తే తెలిసిపోతుంది. ఆపితే మళ్లీ మామూలుగా ఉబ్బుతుంది కాబట్టి ఆగిన బండిలో దొరకదు.

వాటర్ పంపు అయితే సాధారణంగా ముందే చెబుతుంది. పుల్లీ దగ్గర గరగర శబ్దం, చేత్తో కదిపితే వదులుగా ఊగడం, పంపు కింది చిన్న రంధ్రం దగ్గర ఎండిన కూలెంట్ (రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం) చార. పంపు టైమింగ్ బెల్టుతో (ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించే పట్టీ) తిరిగే బండి అయితే ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి. టైమింగ్ ఒక పన్ను తప్పినా వాల్వులు దెబ్బతినొచ్చు.

స్టార్ట్ చేసిన పది నిమిషాలకే వేడి

థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, మూసుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. ముల్లు పైకి పోతూ, పై హోస్ కాలిపోతున్నా కింది హోస్ చల్లగా ఉంటే చాలా బండ్లలో ఇదే గుర్తు. విప్పి పరీక్షించడం సులువే. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో గిన్నె అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద ముద్రించిన అంకె, తరచుగా 82 లేదా 88 డిగ్రీలు, దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు మరుగుతున్నా కదలకపోతే మార్చేయండి.

థర్మోస్టాట్ తీసి పారేసి అలాగే నడపమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజిన్ సరైన వేడికి త్వరగా రాదు. బండిలోని కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తూ ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో అయితే నీళ్లు రేడియేటర్‌లోకి సరిగా పోక వేడి ఇంకా పెరుగుతుంది.

ఈమధ్యే కూలెంట్ మార్పించి ఉంటే మాత్రం ముందు ఎయిర్ లాక్, అంటే గొట్టాల్లో గాలి ఇరుక్కోవడం, అనుమానించండి. హీటర్ వేస్తే చల్లగాలి రావడం, డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు గళగళమనడం దాని గుర్తులు. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉంచి, మూత తీసి, హీటర్ వేడి మీద పెట్టి స్టార్ట్ చేయండి. గాలి వదిలే స్క్రూ ఉంటే తెరవండి. బుడగలు వస్తున్న కొద్దీ మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాన్ ఒకటి రెండు సార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి.

కూలెంట్ తగ్గిపోతోంది

ఆరోగ్యంగా ఉన్న సిస్టంలో కూలెంట్ నెలనెలా పోయాల్సిన వస్తువు కాదు. తగ్గుతోందంటే ఎక్కడికో పోతోంది. హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ అంచుల దగ్గర ఆకుపచ్చ, గులాబీ లేదా తెల్లటి పొరలా ఎండిన మరకలు వెతకండి. బండి కింద చుక్కలు ఏసీ నీళ్లయితే వాసన, రంగు ఉండవు. కూలెంట్ అయితే వేలికి జారుగా తగులుతుంది, తియ్యటి వాసన. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దం లోపల జిడ్డుగా మసకబారుతుంటే హీటర్ కోర్ (హీటర్ లోపలి ఆ చిన్న రేడియేటర్) లీకు.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు. చల్లారాక తీసి తిప్పి, లోపలి రబ్బరు వాషర్‌ని గోటితో మెల్లగా వంచి చూడండి. సన్నటి పగుళ్లు తెరుచుకున్నా, అంచు గట్టిపడి గాడి పడినా, ఆ మూత ఒత్తిడి నిలపదు. ఒత్తిడి లేకపోతే కూలెంట్ తక్కువ వేడికే మరిగి కూలెంట్ డబ్బాలోంచి పొంగిపోతుంది. మూత మీద రాసిన ఒత్తిడి అంకెకే సరిపోయే కొత్తది వేయండి, ఎక్కువది కాదు.

బయట ఎక్కడా లీకు లేదు, అయినా తగ్గుతోంది. అప్పుడే టెన్షన్ పడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ గట్టిపడటం. వీటిలో రెండు కనిపించినా హెడ్ గ్యాస్కెట్ పోయిందనే అనుకోవాలి. బండి నడపకండి, టోయింగ్‌లో తీసుకెళ్లండి. సీసాలో దొరికే లీకు మందులు పోస్తే రేడియేటర్, హీటర్ కోర్ కూడా మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ముల్లు మాటే నిజమా?

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించి వివరాలు చదివే చిన్న పరికరం) ఉంటే అసలు డిగ్రీలు చూడొచ్చు. 85 నుంచి 105 మధ్య మామూలే. చాలా కార్లలో ముల్లు ఆ పరిధి అంతా మధ్యలోనే నిలబడి, మరీ వేడెక్కాక ఒక్కసారిగా లేస్తుంది. ఇంకో మోసం కూడా ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ నీళ్లుండవు కాబట్టి ముల్లు కిందికి దిగిపోవచ్చు. కాలిన వాసన వస్తూ ముల్లు చల్లగా ఉందంటే నమ్మకండి, ఆపేయండి.

అత్యవసరంలో మంచినీళ్లు పోయొచ్చు, తప్పులేదు. కానీ అలాగే వదిలేస్తే లోపల సున్నం, తుప్పు పడతాయి. వీలైనంత త్వరగా వదిలించి, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి. రంగు చూసి కొనకండి, వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకడతాయి. తీసిన పాత కూలెంట్ నేల మీద పోయకండి. అది విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి.

రిపేరు అయ్యాక ఇరవై నిమిషాలు నడిపి, ఏసీ వేసి మరో పావుగంట ఆగిన చోటే ఉంచండి. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో మట్టం దగ్గర గీత పెట్టండి. వారం పాటు రోజూ అదే సమయానికి చూడండి. మట్టం ఆ గీత దగ్గరే ఉంటే లీకు లేనట్టే.