రీలు చివర మాట జారిపోతుంటే: నా అనుభవం

చెన్నైలో సౌండ్ మిక్సింగ్ అసిస్టెంట్లుగా చేరే మన కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: రీలు (సినిమాను విడగొట్టిన భాగాల్లో ఒకటి) మొదట్లో మాట పెదవులకు చక్కగా కుదురుతుంది, చివరికి వచ్చేసరికి మాట ముందు, పెదవులు వెనుక. వడపళనిలో మా మిక్సింగ్ థియేటర్లో మొన్న నాకూ ఎదురైంది. సెషన్ (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ప్రాజెక్టు) మళ్లీ తెరవడం, వీడియో ఆఫ్‌సెట్ (వీడియో మొదలయ్యే చోటు) మార్చడం, ట్రాకులను చేత్తో జరపడం... ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇది. ముందు రీలు తల దగ్గరి పాప్ (చిత్రాన్నీ శబ్దాన్నీ కుదర్చడానికి పెట్టే చిన్న 'బీప్') చూశాను. చిత్రం మొదటి ఫ్రేముకు సరిగ్గా 2 సెకన్ల ముందు, లీడర్‌పై (చిత్రానికి ముందు అంకెలు లెక్కించే భాగం) 2 అంకె కనిపించే ఫ్రేములోనే ఆ శబ్దం రావాలి, వచ్చింది. తరువాత నేరుగా తోక పాప్‌కు, అంటే రీలు చివర ఉండే అలాంటి బీప్‌కు వెళ్లాను. అక్కడ శబ్దం దాదాపు 29 ఫ్రేములు ముందే వచ్చేస్తోంది. రీలు 20 నిమిషాలు, అంటే 1,200 సెకన్లు; తేడా సుమారు 1.2 సెకన్లు. వెయ్యికి ఒకటి! ఈ నిష్పత్తి కనిపిస్తే సెకనుకు 24 ఫ్రేములకూ 23.976 ఫ్రేములకూ మధ్య తేడానే మొదట అనుమానించాలి. వీడియో ఫైలును మీడియాఇన్ఫోలో (ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే 23.976 అని ఉంది. మా సెషన్, ఏఏఎఫ్ (ఎడిటింగ్ నుంచి శబ్దం ట్రాకులు వచ్చే ఫైలు) రెండూ 24. ఎడిటింగ్ గదికి ఫోను చేసి, "అన్నా, శబ్దం జోలికి వెళ్లకండి, చిత్రాన్ని మాత్రం 24లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి" అన్నాను. కొత్త ఫైలు పెట్టాక రెండు పాప్‌లూ కుదిరాయి.

శబ్దాన్ని సాగదీసి సరిపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తరువాత వచ్చే సంగీతం, ఎఫెక్ట్స్ 24 లెక్కలోనే వస్తాయి, మళ్లీ కుదరవు.

అందరికీ ఇదే కారణమని అనలేను. తేడా మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటే ఆరంభ టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే సమయపు గుర్తు) చూడండి. మధ్యలో ఒక్కసారిగా గెంతితే ఎడిట్ మారి ఉండవచ్చు.