చప్పుడు తగ్గాలంటే ఏ రాడ్స్ తీసుకోవాలి? పుల్లల కట్ట స్టిక్స్ గురించి కొంచెం వివరంగా

డ్రమ్స్ వాయించే ప్రతి ఒక్కరికీ ఎప్పుడోకప్పుడు "కొంచెం మెల్లగా వాయించవా" అనే మాట వస్తుంది. చిన్న గదిలో రిహార్సల్, పక్కన అకూస్టిక్ గిటార్, మైక్ లేకుండా పాడే గొంతు. అలాంటప్పుడు మామూలు చెక్క స్టిక్స్‌తోనే మెల్లగా వాయించాలని చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది, టైమింగ్ జారుతుంది, గ్రూవ్‌లో ప్రాణం ఉండదు. అక్కడ పనికొచ్చేవి రాడ్స్, అంటే సన్నటి పుల్లల్ని కట్టగా కట్టి చేసిన స్టిక్స్. విక్ ఫర్త్ వాళ్లు వీటిని రూట్ అనే పేరుతో అమ్ముతారు, ప్రోమార్క్ వాళ్ల హాట్ రాడ్స్ బాగా ఫేమస్ కాబట్టి చాలామంది ఏ కంపెనీదైనా హాట్ రాడ్స్ అనే అనేస్తారు. పేరు ఒకటే కదా అన్నీ ఒకలాగే ఉంటాయి అనుకుని ఏదో ఒక జత తెచ్చుకోకండి, కొన్ని రాడ్స్ దాదాపు స్టిక్స్ అంత గట్టిగా మోగుతాయి, కొన్ని బ్రష్‌లకి (సన్నటి తీగల కుచ్చుతో మెల్లగా వాయించేవి) దగ్గరగా ఉంటాయి.

ముందు ఇవి సౌండ్ ఎలా తగ్గిస్తాయో తెలిస్తే ఎంచుకోవడం సులువు. గట్టి చెక్క స్టిక్ డ్రమ్ హెడ్‌కి, అంటే డ్రమ్ మీద బిగించిన పొరకి తగిలినప్పుడు బరువంతా ఒక చిన్న చోట, ఒకే క్షణంలో దిగుతుంది, ఆ "టక్" అనే పదును అక్కడి నుంచే వస్తుంది. కట్టలో అయితే దెబ్బ చాలా పుల్లల మధ్య పంచుకుపోతుంది, అవి అన్నీ సరిగ్గా ఒకేసారి తగలవు, వెంట్రుకవాసి తేడాతో ఒక్కోటి తగులుతుంది, పైగా వంగి, ఒకదానికొకటి రాసుకుని కొంత శక్తిని అవే తినేస్తాయి. అందుకే మొత్తం వాల్యూమ్ కంటే ముందు ఆ పదును తగ్గుతుంది, చెవిని గుచ్చేది కూడా అదే. దీనికి ఇంకో వైపు ఏంటంటే రైడ్ (టైమ్ పట్టడానికి వాయించే పెద్ద లోహపు పళ్లెం) మీద స్టిక్ టిప్‌తో వచ్చే "టింగ్" దాదాపు పోతుంది, దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే బెల్ సరిగ్గా మోగదు, కొట్టాక స్టిక్ పైకి ఎగిరే రీబౌండ్ కూడా తక్కువే కాబట్టి డబుల్ స్ట్రోక్స్‌కి (ఒకే చేత్తో వెంటవెంటనే రెండు దెబ్బలు) చెయ్యి ఎక్కువ పనిచెయ్యాలి.

ఇప్పుడు పుల్లల లెక్క. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. ఎక్కువగా కనిపించేవి 19 పుల్లల కట్టలు, 7 పుల్లల కట్టలు. ఈ నంబర్లు ఊరికే రాలేదు, మధ్యలో ఒక పుల్ల పెట్టి చుట్టూ పేరిస్తే సరిగ్గా 6 పడతాయి, అది 7, దాని చుట్టూ ఇంకో వరుస వేస్తే 12, మొత్తం 19, కట్ట ఖాళీలు లేకుండా గట్టిగా కూర్చుంటుంది. కట్ట మందం ఇంచుమించు అంతే అనుకుంటే 19 ఉన్నదాంట్లో ఒక్కో పుల్ల 3 మి.మీ. లోపు ఉంటుంది, 7 ఉన్నదాంట్లో 4 నుంచి 5 మి.మీ. దాకా ఉంటుంది. ఆ కాస్త తేడానే చాలా పెద్దది, ఎందుకంటే పుల్ల కొంచెం లావైనా వంగకుండా నిలబడే గుణం చాలా రెట్లు పెరుగుతుంది. కాబట్టి 7 పుల్లలవాటికి అటాక్ (దెబ్బ మొదట్లో వచ్చే పదును) ఎక్కువ, స్టిక్ ఫీల్‌కి దగ్గర, సౌండ్ తగ్గేది తక్కువ. 19 పుల్లలవి మెత్తగా, వెడల్పుగా, కొంచెం "చఫ్" అన్నట్టు మోగుతాయి. ప్రోమార్క్‌లోనే చూసుకుంటే హాట్ రాడ్స్‌లో 19 బర్చ్ చెక్క పుల్లలు, లైట్నింగ్ రాడ్స్‌లో 7. హాట్ రాడ్స్ కంటే ఇంకా మెత్తగా కావాలంటే అదే 19 పుల్లలు ఇంకా సన్నగా ఉండే కూల్ రాడ్స్ ఉన్నాయి. చప్పుడు తగ్గించడమే మీ మొదటి అవసరం అయితే 19తో మొదలుపెట్టండి, 7 పుల్లలవి చూడ్డానికి గట్టిగా ఎక్కువ కాలం వచ్చేలా అనిపిస్తాయి గానీ మీకు కావాల్సింది అది కాదు.

తర్వాత కట్టు. చాలా రాడ్స్‌కి పిడి దగ్గర గట్టి చుట్టు ఉంటుంది, కొన్నిటికి పైన ముందుకీ వెనక్కీ జరిపే రబ్బరు రింగ్ కూడా ఒకటి ఉంటుంది. ఆ రింగ్‌ని కొస వైపు జరిపితే పుల్లలు కలిసి ఒకే స్టిక్‌లా పనిచేస్తాయి, సౌండ్ పెరుగుతుంది, బౌన్స్ బాగుంటుంది, పిడి వైపు లాగితే విచ్చుకుని మెత్తగా అవుతాయి. ఒకే జతతో రెండు మూడు రకాల వాల్యూమ్ వస్తుందన్నమాట, అందుకే కొత్తగా తీసుకునేవాళ్లకి జరిపే రింగ్ ఉన్నవే తీసుకోమంటాను. రింగ్ వాయిస్తుంటే దానంతటదే జారిపోయేలా లూజుగా ఉంటే మాత్రం వద్దు, పాట మధ్యలో రెండు చేతుల్లో రెండు రకాల సౌండ్ వస్తుంది.

మెటీరియల్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. బర్చ్ అయితే సౌండ్ కొంచెం క్లియర్‌గా ఉంటుంది కానీ పుల్లలు విరుగుతాయి, వెదురు ఇంకొంచెం వంగుతుంది, విరగడం కంటే ముందు పీచులుగా విడిపోతుంది, ప్లాస్టిక్‌వి చాలా కాలం వస్తాయి కానీ హెడ్ మీద చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది సౌండ్. మధ్యలో ఫోమ్ పెట్టి చుట్టూ పుల్లలు కట్టినవి కూడా ఉన్నాయి, అవి బాగా మెత్తన.

మందం, బరువు మీ మామూలు స్టిక్‌ని బట్టి చూసుకోండి. ఎక్కువమంది వాడే సైజు 5ఏ స్టిక్ దాదాపు 14.4 మి.మీ. మందం ఉంటుంది, రాడ్స్‌లో కూడా ఎక్కువ శాతం 14 అటూ ఇటూగా, పొడవు 40 సెం.మీ. దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి చేతికి కొత్తగా అనిపించదు. కానీ బరువు తక్కువ, దాంతో తెలీకుండానే ఇంకా గట్టిగా కొట్టేస్తాం, అక్కడే మొత్తం లాభం పోతుంది! రాడ్స్ పట్టుకున్నాక స్టిక్ ఎత్తే ఎత్తు కూడా తగ్గించాలి, మామూలుగా అడుగు ఎత్తితే ఇక్కడ ఒక జానెడు చాలు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి, రాడ్స్ మీ చేతుల సౌండ్‌నే తగ్గిస్తాయి, కాలి సౌండ్‌ని కాదు. చేత్తో వాయించే స్నేర్, టామ్స్ డ్రమ్స్ తగ్గిపోయి కిక్ (కాలి పెడల్‌తో వాయించే పెద్ద డ్రమ్) ఒక్కటే ధన్ ధన్ అని మోగుతుంటే బ్యాలెన్స్ పోతుంది, పైగా పెడల్ అదురు నేలలోంచి కింద గదికి పోతుంది, ఇంట్లోవాళ్లని, కిందవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ అదురే. కిక్ లోపల హెడ్‌కి ఆనేలా దిండో దుప్పటో పెట్టండి, పెడల్‌కి మెత్తటి ఫెల్ట్ బీటర్ (డ్రమ్‌కి తగిలే గుండు) వాడండి, డ్రమ్స్ కింద మందపాటి మ్యాట్ వెయ్యండి. అప్పుడే రాడ్స్ కొన్న ఫలితం కనిపిస్తుంది.

చెవుల సంగతి కూడా. అమెరికాలో పని చోట్ల చప్పుడుకి నియాష్ (అక్కడి ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ) సూచించే పరిమితి రోజుకి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగం అవుతూ పోతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతుంది. స్టిక్స్‌తో గట్టిగా వాయిస్తే డ్రమ్మర్ చెవి దగ్గర 100 దాటడం చాలా మామూలు. రాడ్స్ దాన్ని తగ్గిస్తాయి నిజమే, అయినా గంటలకొద్దీ ప్రాక్టీస్ అయితే ఇయర్‌ప్లగ్స్ తీసెయ్యకండి ప్లీజ్.

షాపులో చూసేటప్పుడు రెండు రాడ్స్‌నీ ఒకే చోట మెల్లగా కొట్టి వినండి, ఒకే జతలో రెండూ వేరేగా మోగడం జరుగుతుంది. కొసలు చేత్తో నొక్కి పుల్లలన్నీ ఒకే పొడవు ఉన్నాయో లేదో చూడండి, ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే ముందు విరిగేది అదే. పిడి చివర క్యాప్ తిప్పితే తిరగకూడదు.

వాడేటప్పుడు రిమ్ షాట్లు (హెడ్‌నీ డ్రమ్ అంచునీ కలిపి కొట్టడం) మానేయండి, క్రాష్ పళ్లేన్ని అంచు మీద అడ్డంగా నరికినట్టు కాకుండా పక్కకి జారేలా కొట్టండి, రాడ్స్ తొందరగా పోయేది ఈ రెండిటి వల్లే. హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట పళ్లేలు) కూడా అంచు మీద కంటే పైభాగంలో వాయిస్తే సౌండూ తక్కువ, పుల్లలూ మిగులుతాయి. ఎలక్ట్రానిక్ కిట్ మెష్ హెడ్స్ (వల లాంటి పొర) మీద చెక్క రాడ్స్ అసలు వద్దు, విరిగిన కొసలు మెష్‌ని చింపేస్తాయి. అదే కాజోన్ (మీద కూర్చుని వాయించే చెక్క పెట్టె) మీద అయితే చాలా బాగుంటాయి, ట్రై చెయ్యండి.

బయటి వరుసలో పుల్ల విరిగితే అలాగే వాయించకండి, ఆ మొన హెడ్ మీద గీతలు పెడుతుంది, కట్టు దగ్గరికి కత్తిరించేసి ఎలక్ట్రికల్ టేప్ ఒక చుట్టు వెయ్యండి, ఇంకొన్నాళ్లు వస్తుంది. ఒకే వైపు మూడు నాలుగు పోయాక కట్ట పక్కకి వాలిపోయి చేతిలో తిరుగుతుంటుంది, అప్పుడు కొత్త జత తీసుకుని పాతదాంట్లో బాగున్న రెండోదాన్ని స్పేర్‌గా బ్యాగ్‌లో ఉంచుకోండి.